ఆ కాలు తీసి మాట్లాడు

కర్నూలు

అబ్బీ,

నువ్వు పంపిన మొదటి మీమ్ రెండుసార్లు చూశాను. నవ్వు రాలేదు. నీకు నవ్వించడం చేతకాదని మాత్రం అనుకోవద్దు. ఫోన్‌లో మాట్లాడితే కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తావు. ఆ పిల్లవాడు ఈ బొమ్మలో ఎక్కడా కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

బ్రహ్మానందం గారి ముఖం పెట్టి, కింద ‘కర్నూలు ఎండలో బయటికి వెళ్లినవాడి పరిస్థితి. ఎండ చాలా ఎక్కువగా ఉంది, తట్టుకోలేకపోతున్నాడు’ అని రాశావు. తట్టుకోలేకపోవడం ఆ ముఖంలోనే ఉంది కదా, మళ్లీ రాయడమెందుకు? పైగా కర్నూలు తీసేసి గుంటూరు అని పెట్టినా ఆ మీమ్ అట్లనే నడుస్తుంది. అంటే అందులో మన ఊరు లేదు. ‘పరిస్థితి’ అనే మాట మీ ఇంట్లో ఎవరైనా అంటారా?

అందరూ వాడే ఫొటో వాడావని తప్పు పట్టడం లేదు. మీమ్ అనే మాటను 1976లో రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త పుట్టించాడు, అనుకరణను సూచించే గ్రీకు మాట నుంచి. ఒకరిని చూసి ఒకరు చేయడం దాని పుట్టుకలోనే ఉంది. కుండ ఊరుమ్మడిది కావచ్చు, సంగటి మాత్రం నువ్వు కెలికిందే ఉండాల.

ఆ సంగటి నీ దగ్గరే ఉంది. ‘తొలకరి పడినాక మా జేజి ఎనుములు తోలుకొస్తా కూడా తల ఎత్తదు సార్’ అని మీ అవ్వ గురించి అన్నావు ఒకసారి. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుకున్నాను. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వాన పైమట్టిని కడిగేస్తే వజ్రం బయటపడుతుందని ఎక్కడెక్కడి జనమో వచ్చి నడుములు వంచి వెతుకుతారు. నువ్వు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అక్కడ ఇద్దరు చుట్టాలు ఎదురుపడితే ఎట్లా పలకరించుకుంటారు? నేను మొదట ఇట్లా రాసి చూశాను:

‘బాగుండావా బావా?’
‘బాగుండాను గానీ, నీ కాలికింద వజ్రం ఉన్నట్టుంది, కొంచెం పక్కకు జరుగు.’

మరీ పొడుగైంది. ‘బాగుండాను’ కొట్టేశాను, పలకరింపుకు బదులియ్యకపోవడమే ఇక్కడ అసలు సంగతి. తర్వాత ‘వజ్రం’ తీసేశాను, ఆ మాట చూసేవాడికే తట్టాల. మిగిలింది ఇంతే:

‘బాగుండావా బావా?’
‘ఆ కాలు తీసి మాట్లాడు.’

బొమ్మలో తడిసిన చేను, వంగిన మనుషులు ఇద్దరు. చాలు. బయటివాళ్లకు అర్థం కాదేమోనని కింద వివరణ చేర్చవద్దు. తుగ్గలిలో నవ్వితే, వాళ్లే మిగతావాళ్లకు చెప్పుకుంటారు.

అక్షరాలు పెద్దవిగా పెట్టు. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచిన జాగాలో మన గుడులు, ఒత్తులు ఇమడవు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి బొమ్మ మసకబారి, ముందు చెదిరేది ఒత్తులే.

ఫొటో మాత్రం వెనక నుంచి తియ్యి. దీని గురించి కొంచెం చెప్పాల. చాలా ఏళ్ల కిందట, పత్తికొండ దగ్గర ధర లేక ఒక రైతు టమోటాలు రోడ్డు మీద పారబోస్తున్న ఫొటోకు నేను నవ్వు వ్యాఖ్య రాశాను. ఒక పత్రికలో వచ్చింది, చాలామంది మెచ్చుకున్నారు. వారం తర్వాత బస్టాండులో ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, ‘సార్, ఆ గంప ఎత్తింది మా నాయన’ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా నోట మాట రాలేదు. ఈరోజుకీ టమోటా గంప చూస్తే వాడి గొంతే వినపడుతుంది. ఆ చేలల్లో వెతికేవాళ్లలో ఇంటిదగ్గర అప్పు పెట్టుకొని వచ్చి, చెట్టుకింద వండుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల ఆశ నీ నవ్వుకు సరుకు కాకూడదు. జేజి తల ఎత్తకపోవడం చూసి మీ ఇంటిల్లిపాదీ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. నాకు కావలసింది ఆ నవ్వు.

ఇది నా ముక్క, దీన్నే వాడొద్దు. నీ చెవినపడ్డ మాట నీకు దొరుకుతుంది. రేపు చేలోకి పోయి ఒక గంట ఊరకే నిలబడు, ఫోన్ జేబులోనే ఉంచి. చేసినాక ముందు జేజికి చూపించు. ఆమె ఏమన్నదో అన్నది అన్నట్టుగా నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ సార్