తిరుపతిలో ఊరివాళ్ళు బయట ఎక్కడ తింటారు?

హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చామని, ఇంట్లో పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్నారని, వారానికోసారి బయట తిందామంటే ఎక్కడ చూసినా యాత్రికుల రద్దీయేనని, ఊరివాళ్ళు ఎక్కడ తింటారో చెప్పమని మీరు రాశారు. నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. హోటల్ పేర్ల జాబితా మాత్రం అడక్కండి. వంటమాస్టర్ మారిన మర్నాడే అది పనికిరాకుండా పోతుంది.

ఇక్కడ కొన్ని హోటళ్ళు మళ్ళీ రాని మనిషిని నమ్ముకుని నడుస్తాయి, కొన్ని రేపు మళ్ళీ వచ్చే మనిషిని నమ్ముకుని నడుస్తాయి. రైల్వేస్టేషన్, ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల మొదటి రకమే ఎక్కువ. భీమాస్ లాంటి పాత పేర్లు కూడా ఆ వైపే ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాట కట్టలేం. కానీ తమిళులకీ కన్నడిగులకీ ఉత్తరాది వాళ్ళకీ ఒకే సాంబారు నచ్చాలంటే, అందులో మన కారం ఎక్కడ మిగులుతుంది? నేను చూసే గుర్తు ఒకటే: లోపల గుండ్లు ఎక్కువున్నాయా, మెడలో ఐడీ కార్డులు ఎక్కువున్నాయా. ఐడీ కార్డులు ఎక్కువుంటే లోపలికి వెళ్ళండి.

యూనివర్సిటీ, బాలాజీ కాలనీ వైపు మెస్సులు చూడండి. నెల మొత్తం అక్కడే తినే పిల్లలు పప్పు పలచనైతే ఊరుకోరు. పొద్దున టిఫిన్‌కి బైరాగిపట్టెడ, కొర్లగుంట లాంటి పేటల్లో సందు మొదట్లో ఉండే చిన్న అంగళ్ళు చాలు. చెనక్కాయల (పల్లీల) చట్నీ రుచి చూస్తే మిగతాది తెలిసిపోతుంది. చెనక్కాయ పండే నేల ఇది, ఇక్కడ కూడా పుట్నాల పప్పు కలిపి నీళ్ళు పోశారంటే ఇడ్లీ ఎంత మెత్తగా ఉన్నా నేను మళ్ళీ వెళ్ళను. కారం దోసె సాయంత్రం తినండి. వెల్లుల్లి, ఎండుమిరప నూరిన ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి కాలుస్తారు. పిల్లలకైతే కారం తగ్గించమని ముందే చెప్పాలి, పిండి పెనం మీద పడ్డాక చెబితే మాస్టర్ వినిపించుకోడు.

హైదరాబాద్ నుంచి వచ్చారు కాబట్టి బిర్యానీ ఎక్కడ బాగుంటుందని అడుగుతారు. దాన్ని కాస్త పక్కన పెట్టి ముందు రాగి సంగటి, నాటుకోడి పులుసు తినండి. సంగటి మధ్యాహ్నమే బాగుంటుంది. అన్నం మెత్తగా ఉడికాక రాగి పిండి వేసి గెలికి, వేడి మీదే ముద్ద కట్టాలి. చల్లారితే గట్టిపడుతుంది, మళ్ళీ ఆవిరి పట్టి పెడితే పైన తడి, లోపల గట్టిగా ఉంటుంది. రాత్రి పదింటికి అడిగితే చాలాచోట్ల వచ్చేది అదే. ఇక నాటుకోడి తేలిగ్గా ఉడకదు. ఎముక వదిలి మెత్తగా ఊడివస్తుంటే అది నాటుకోడి అని నేను నమ్మను. మాంసం తినని పెద్దవాళ్ళుంటే సంగటిలోకి ఊరిబిండి అనే పచ్చడి గానీ పచ్చిపులుసు గానీ ఉందేమో అడగండి. మెనూలో రాయరు, అడిగితే కొన్నిచోట్ల తెచ్చి పెడతారు.

కుర్చీలు, ఏసీ, కారు పెట్టుకోవడానికి చోటు కావాలంటే ఎయిర్ బైపాస్ రోడ్డే. ఫ్యామిలీ రెస్టారెంట్లు, అరబ్బు తరహా మండీ హోటళ్ళు, కాఫీ షాపులు అన్నీ అక్కడే. అక్కడి కాఫీ షాపుల్లో మనం డబ్బిచ్చేది కూర్చున్నందుకే అనుకోవాలి. కాఫీ కావాలంటే పొద్దున గానీ, సాయంత్రం నాలుగింటికి గానీ డికాషన్ కొత్తగా దిగే చిన్న కొట్టు దగ్గర నిలబడి తాగడమే.

రోజు చూసుకోవడం కూడా ముఖ్యం. శని, ఆదివారాలు, వరుస సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ రోజుల్లో ఊరి మధ్యకి రావద్దు. మా ఇంట్లో బయట తినేది మంగళ, బుధవారాల్లోనే. ఇంకోటి, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా తమిళుల లెక్కలో పెరటాసి నెల. ఈ జిల్లాలో చాలా ఇళ్ళలో ఆ నెల నీచు ముట్టరు. మాంసం హోటళ్ళకి బేరం తగ్గుతుంది, తెచ్చిన సరుకు ఎప్పటిదో మనకు తెలీదు. నేను ఆ నెల టిఫిన్‌తోనే సరిపెట్టుకుంటాను. అదే నెల శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే భక్తులతో శాకాహార హోటళ్ళు కిటకిటలాడతాయి, అందుకే పొద్దున ఏడు లోపే వెళ్తాను.

బిల్లు ఒకసారి చదవండి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జీ అడగకుండా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025లో వాటిని సమర్థించింది. బైపాస్‌లో ఒకచోట మాకూ కలిపారు. తీసేయమంటే మేనేజరు మారుమాట లేకుండా తీసేశాడు. తీయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.