‘సిటిజెన్ కేన్’లో రోజ్‌బడ్ దేనికి సంకేతం?

ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన ‘సిటిజెన్ కేన్’లో, అపార సంపన్నుడైన పత్రికాధిపతి చార్లెస్ ఫాస్టర్ కేన్ చనిపోతూ పలికిన ‘రోజ్‌బడ్’ అనే మాట, అతని చిన్ననాటి మంచుబండి పేరని చివరికి తేలుతుంది. మరి ఆ బండి దేనికి గుర్తు అన్నది ప్రశ్న. బాల్యానికి గుర్తు అని చెప్పి చాలామంది ఊరుకుంటారు గాని, నాకు ఆ జవాబు చాలదనిపిస్తుంది.

కొలరాడోలోని ఇంటి ముందు పిల్లవాడు మంచులో ఆడుకుంటుండగా, లోపల తల్లి అతన్ని బ్యాంకరు థాచర్‌కు అప్పగిస్తూ కాగితాలపై సంతకం చేస్తుంది. సంగతి తెలిసిన పిల్లవాడు ఆ బండితోనే థాచర్‌ను గుద్దుతాడు. తరువాత మనకు మనుషులెవరూ కనిపించరు. వదిలేసిన బండిపై మంచు పేరుకుంటూ ఉంటుంది, దూరంగా రైలు కూత వినిపిస్తుంది. కాబట్టి అది ఆటవస్తువు కన్నా ఎక్కువగా, తన ప్రమేయం లేకుండానే తెగిపోయిన తల్లి సాన్నిధ్యానికి గుర్తు. థాచర్ క్రిస్మస్‌కు ఇచ్చిన కొత్త బండి ఆ లోటును తీర్చలేకపోవడానికి కారణమూ అదే. తరువాత తన రెండో భార్య అయిన సుసాన్‌ను మొదటిసారి కలిసిన రాత్రి కేన్, చనిపోయిన తల్లి సామాను చూడడానికే గిడ్డంగికి బయలుదేరి ఉంటాడన్న చిన్న వివరం కూడా దీన్ని బలపరుస్తుంది.

అయితే ఆ మాట అర్థం కోసం తిరిగిన విలేకరి థాంప్సన్, ఏ ఒక్క మాటా మనిషి జీవితాన్ని వివరించలేదని, రోజ్‌బడ్ దొరకని ఒక పజిల్ ముక్క మాత్రమేనని అంటాడు. ఆ తరువాతే పనివాళ్లు బండిని చెత్తగా భావించి కొలిమిలోకి విసురుతారు. మంటల్లో రంగు పొంగి అక్షరాలు చెదిరిపోతుండగా, ఆ పేరు ప్రేక్షకుడికి కనిపిస్తుంది గాని, చిత్రంలో ఎవరికీ తెలియదు.