దొడ్లో చిగురొచ్చింది గదా అని అన్నిట్లో చెయ్యి పెట్టబాక అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

ఒంగోల్లో మీరు తీసుకున్న ఇంటెనక దొడ్డి ఉందని, దాంట్లో బంగినపల్లి మామిడి, నిమ్మ, కరేపాకు, గోడ పక్కన మల్లె ఉన్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. లీవు పెట్టి మరీ దొడ్డంతా సెట్ చేస్తావంటనే. సంతోషం. చిన్నప్పుడు తులసమ్మకి చెంబుడు నీళ్ళు పొయ్యమంటే మూతి ముడుచుకునేదానివి, మీ అత్తకి చెప్తే ముందు నమ్మలేదు. అయితే మీ అమ్మే ఇంకో మాట కూడా అంది, మామిడి పూతకి పురుగు పట్టిందని అల్లుడు స్ప్రేయర్ ఆర్డర్ పెట్టాడని. ఆ మాట విన్న కాడ్నించి నాకు మనసు మనసులో లేదు, అందుకే ఇంత టైప్ చేస్తన్నా, విసుక్కోకుండా చదువు.

శివరాత్రికి చలి శివశివా అంటా పోద్ది, ఇంక చెట్లన్నీ వాటి పని అవే చేసుకుంటాయి. మామిడికి ఇప్పుడు నీళ్ళు పెట్టబాక, పిందె బఠాణీ గింజంత అయినాక మొదలుపెట్టు. యూరియా జోలికి అసలు పోబాక. మల్లె కత్తిరించే టైము దాటిపోయింది, అది పుష్యమాసంలో అయిపోవాల్సిన పని, ఇప్పుడొచ్చే కొత్త కొమ్మలకే మొగ్గలేస్తది కాబట్టి కత్తెర లోపల పెట్టు. రాలిన ఆకు చెట్టు మొదట్లో పరువు, కుళాయి కాడ మాత్రం కుప్ప పొయ్యబాక, తేళ్ళు చేరతాయి, చెప్పుల్లేకుండా దొడ్లోకి దిగబాక.

ఇప్పుడు మీ తాత సంగతి చెప్తా. నీకెవరూ చెప్పుండరు, మీ అమ్మకి కూడా సగమే తెలుసు, అప్పుడది చిన్నది.

ఉలవపాడు పక్క మనూళ్ళో మన ఇంటి ముందర కూడా బంగినపల్లి ఉండేది. ఒక ఏడు ఆకు కనపడకుండా పూసింది. దారిన పోయే ప్రతోడూ ఆగి చూసిపోతంటే మీ తాత పొద్దున్నే అరుగు మీద కూర్చోని, పేపర్ చేతిలో పట్టుకోనేగానీ కళ్ళన్నీ చెట్టు మీదే. మాఘం చివర్లో తేనెమంచు పురుగు పట్టింది. కొమ్మ కిందకి పోతే టపటపా లేచి మొహానికి కొట్టుకుంటాయి చూడు, అదే. ఆకులన్నీ జిగటగా మెరుస్తా, కింద బండ మీద కాలు పెడితే చెప్పు అతుక్కునేది. ఎవరో చెప్పారని టౌనుకి పోయి మందు డబ్బా తెచ్చాడు, పక్కింటోళ్ళ స్ప్రేయర్ అడిగి తెచ్చుకున్నాడు. చెప్పిన కొలత కంటే ఎక్కువే పోశాడు, రెండు మూతలు ఎక్కువైతే ఏం పోద్దిలే అంటా. పూత అప్పటికే పూర్తిగా విచ్చుకుంది, పొద్దున పదింటి ఎండ, తేనెటీగలు జుయ్యిమంటన్నాయి. ఒంటి మీద చొక్కా లేదు, ముక్కుకి తువ్వాల కట్టుకోని, గాలికి ఎదురు నిలబడి, తల పైకెత్తి కొట్టాడు. ఆ తుంపరంతా ఆయన మీదే పడింది.

మజ్జానం అన్నం కాడ కూర్చోని ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయినాడు. వాంతులు, నోటెమ్మట చొంగ ఆగకుండా కారడం, ఒళ్ళంతా చెమట. కళ్ళు చూస్తే నల్లగుడ్డు మధ్యలో చుక్క గుండుసూది మొనంత అయిపోయింది. జీపులో కందుకూరు ఎత్తకపోయారు. బతికాడనుకో, డాక్టరు మాత్రం ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమన్నాడంట. ఇంటికాడ మీ అవ్వ చెట్టు కింద రాలిన తేనెటీగల్ని చీపురుతో ఊడ్చి చాటకెత్తింది, చాట నిండింది. కాళ్ళకి పసుప్పచ్చ పుప్పొడి అట్టనే అంటుకోనుంది. ఈగలూ తేనెటీగలూ తిరక్కపోతే పిందె ఎట్ట కడతది? ఆ ఏడు పూతంతా మాడి, చెట్టుకి వేళ్ళ మీద లెక్కపెట్టే కాయలు. ఆయన మాత్రం పురుగు వల్లే పోయిందనే చెప్పుకున్నాడు చివరిదాకా, మొండి మనిషి. మీ అవ్వ ఆ డబ్బా తీసుకోని యాడ పూడ్చిందో మాకెవరికీ చెప్పలేదు.

అందుకే అల్లుడికి నా మాటగా చెప్పు, విచ్చుకున్న పూత మీద మందు కొట్టకూడదు. కొడితే పూత పుల్ల బయటికొచ్చేటప్పుడు, లేకపోతే పిందె కట్టినాక. ఇంట్లో ఉండే ఒక్క చెట్టుకి పిందెప్పుడు కూడా వేపనూనె చాలు, లీటరు నీళ్ళకి అయిదు మిల్లీ, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట. కాయలు కోసినాక లోపలి గుబురు కొమ్మలు తీయించి ఎండ పడేట్టు చేస్తే వచ్చే ఏడు పురుగు సగం తగ్గుద్ది. పూత రాలిపోతా ఉంటే గాబరా పడబాక, గెలకి వేలల్లో పూలుంటే నిలిచేది ఒకటో రెండో. పాప ఆడుకునే దొడ్డి అది, కొమ్మ దొరికితే నోట్లో పెట్టుకునే వయసు దానిది. నాకు భయం మామిడికాయలు పోతాయని కాదు.

పాపని కరేపాకు చెట్టు కాడికి తీసకపో. లేత చిగురు మీద పిట్ట రెట్టలా కనపడేది రెట్ట కాదు, పురుగు. పెద్దదయ్యేకొద్దీ పచ్చగా అవుద్ది, పుల్లతో తాకితే తల కాడ్నించి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తీసి వాసన కొడతది. నిమ్మకీ అదే పడతది. చెట్టు చిన్నదైతే ఏరెయ్యి, పెద్దదైతే రెండు మూడు వదిలెయ్, సీతాకోకచిలకలవుతాయి. నువ్వు కూడా చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకోని స్కూలుకి తీసకపోయినావు, టీచరు మీ అమ్మని పిలిపించింది, గుర్తుందా?

నీళ్ళ సంగతి ఇంకా తేలలా. ఒంగోల్లో చాలా చోట్ల బోరు ఉప్పు, అయ్యే పోస్తే ఆకు అంచులు మాడతాయి, మన్ను మీద తెల్లగా పేరుకుంటది. ఒక గుక్క నోట్లో పోసుకోని చూడు. ఉప్పగా ఉంటే కుండీ మొక్కలకి కుళాయికొచ్చే సాగర్ కాలవ నీళ్ళు పట్టి దాచి పొయ్యి. ఒక బాటిల్ నిండా బోరు నీళ్ళు పట్టి పక్కన పెట్టు, నేను ఆదివారం పొద్దున బస్సుకి వస్తన్నా, పోతా పోతా తీసకపోయి టెస్టింగుకి ఇస్తా. మీ అత్త నిమ్మకాయ పచ్చడి పంపిస్తంది, డబ్బా మళ్ళీ పంపించమని గట్టిగా చెప్పింది.

మీ మామ