ఖాన్ చెకోవ్‌ని ఎలా గుర్తుపట్టాడు? (సమాధానం)

మీరు ప్రసార తేదీలతో లెక్కేస్తున్నారు, చిక్కు అక్కడే. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష టీవీ సిరీస్‌లో విలన్ ఖాన్ కనబడే ఎపిసోడ్ ‘స్పేస్ సీడ్’ 1967 ఫిబ్రవరిలో వచ్చింది. అంతరిక్ష ఓడ సిబ్బందిలో ఒకడైన చెకోవ్‌గా నటుడు వాల్టర్ కోనిగ్ మొదట కనిపించింది ఆ సెప్టెంబరులో, రెండో సీజన్‌తో. అలాంటప్పుడు 1982 నాటి స్టార్ ట్రెక్ సినిమాలో ఖాన్ అతని మొహం చూడగానే ఎలా గుర్తుపట్టాడన్నది మీ ప్రశ్న.

1. ప్రసార తేదీలు పక్కన పెట్టండి.

2. కెప్టెన్ లాగ్‌లో (ఓడ డైరీలో) చెప్పే స్టార్‌డేట్, అంటే ఆ కథలోని తేదీ అంకె, చూడండి. చాలామంది వదిలేసేది దీన్నే. ‘స్పేస్ సీడ్’ది 3141.9. చెకోవ్ ఉన్న ‘క్యాట్స్‌పా’ ఎపిసోడ్‌ది 3018.2, అంటే ముందుది. ఆ లెక్కన ఖాన్ వచ్చేసరికే చెకోవ్ ఓడలో ఉన్నాడు. కాకపోతే బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీద మనకి కనబడలేదు, అంతే. ఓడలో నాలుగొందల పైచిలుకు మంది ఉంటారు, అందరినీ కెమెరా చూపించదు కదా.

3. ఈ కొలతతో సిరీస్ మొత్తాన్ని వరస పెట్టబోకండి. స్టార్‌డేట్లు చాలాచోట్ల వెనకాముందూ అవుతాయి, తల బొప్పి కడుతుంది.

నిజానికి ఇది రాసినవాళ్ల పొరపాటేనని నా అనుమానం. కోనిగ్ మాత్రం, తను బాత్‌రూమ్‌లో చాలాసేపు ఉండిపోయి ఖాన్‌ని బయట నిలబెట్టాడని, ఆ కోపంతోనే గుర్తుపెట్టుకున్నాడని జోకేసేవాడు.