ప్లస్సులు, మైనస్సులు పక్కన పెట్టి ‘రుద్రమదేవి’ని చూడు

తమ్ముడూ,

‘రుద్రమదేవి’ మీద నువ్వు పంపిన సమీక్ష చదివాను. ప్లస్ పాయింట్లు అయిదు, మైనస్ పాయింట్లు నాలుగు, చివర అయిదుకి మూడు మార్కులు. అనుష్క ప్లస్, అల్లు అర్జున్ ప్లస్, ఇళయరాజా ప్లస్. గ్రాఫిక్స్ మైనస్, సాగదీత మైనస్. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ సినిమా పేరు కొట్టేసి ఏ జానపద చిత్రం పేరు పెట్టినా నీ వ్యాసం అలాగే చెల్లిపోతుంది. 2015 అక్టోబరు 9న సినిమా విడుదలైన సాయంత్రానికే అలాంటివి బోలెడు వచ్చేశాయి. తొలి ఆట చూసి పరుగున వచ్చి రాసినవాళ్లకి లేని తీరిక నీకుంది. దాన్ని వాడుకో.

సినిమా మళ్లీ రెండుసార్లు చూడు. మొదటిసారి కాగితం, కలం ముట్టుకోకు. రెండోసారి తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీసుకుని కూర్చో: శాసనం, ప్రతాపచరిత్ర (కాకతీయుల మీద తర్వాతి కాలంలో రాసిన గాథల పుస్తకం), నవల, దర్శకుడు. ముఖ్యమైన ఘట్టాలు ఓ ఇరవై తేలతాయి. ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకుని ఆ గడిలో వెయ్యి, పక్కన ఎన్నో నిమిషమో రాసుకో. పాటల్నీ వదలకు, అవి దాదాపు అన్నీ నాలుగో గడిలోనే పడతాయి. ఏ గడి బరువెక్కిందో చూశాక గానీ ఈ సినిమా ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తూలిందో నీకు తెలియదు.

గోన గన్నారెడ్డితో మొదలుపెట్టు. అతను వచ్చిన ప్రతిసారీ హాలు లేచిందని రాశావు, నిజమే. మరి ఈ గజదొంగ ఎవరు? అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ తెలుగు పాఠకుడి మనసులో నాటిన మనిషి. ఆదవోని అన్నాంబిక కూడా ఆ నవలలోంచి మనకి తెలిసిన పిల్లే. శాసనాల్లోని గన్నారెడ్డి మాత్రం కాకతీయుల సామంతుడు, ‘రంగనాథ రామాయణం’ ఇచ్చిన గోన బుద్ధారెడ్డి వంశంవాడు. రాయచూరు కోటగోడలో 41 అడుగులు దాటిన ఒకే రాతిపలక ఉంది. దాని మీద 1294 నాటి శాసనం. ప్రతాపరుద్రుడి ఏలుబడిలో, గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలుడు ఆదవోని, తుంబళం వంటి కోటలు పట్టుకుని రాయచూరులో కోట కట్టించాడని అందులో ఉంది. అంత బండని బండి మీద లాక్కొచ్చిన తీరు కూడా గోడ మీదే బొమ్మగా చెక్కారు. నవల ఆదవోని నుంచి కథానాయికని తెచ్చుకుంటే, శాసనం ఆదవోని కోటనే తెచ్చుకుంది.

ఇది తెలిశాక ‘చరిత్రను వక్రీకరించారు’ అన్న నీ వాక్యం నిలవదు. వక్రీకరణ కాదది. ఒక నవలాకారుడి ఊహని చరిత్ర పక్కన కూర్చోబెట్టి, రెండింటికీ ఒకే రంగు వేశారు. అది తప్పా అంటే, ఈ సినిమాలో ఊపిరి ఉన్నది ఎక్కువగా ఆ పాత్రలోనే. ఎందుకు ఉందో నువ్వు చెప్పాలి. ‘మాస్ ఎంట్రీ అదిరింది’ అనేది ఎవరైనా చెప్పగల మాట. కొలువులో అందరూ నాటకాల భాష పలుకుతుంటే అతనొక్కడే తెలంగాణ యాసలో మాట్లాడతాడు. అందరూ నియమాలు మోస్తుంటే అతను నియమం తప్పుతాడు. ఇంకా లోపలికి వెళ్లు: దొంగగా కనిపిస్తూ రాజ్యం మేలు కోరేవాడు అతను, మగవాడిగా కనిపిస్తూ రాజ్యం మోసే ఆడది రుద్రమ. ఇద్దరూ వేషంలో ఉన్నవాళ్లే. ఈ రెండు వేషాలూ ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఘట్టం మీద కథ నడవాల్సింది. సినిమా అతన్ని నవ్వుకీ చప్పట్లకీ వాడుకుంది. దీన్ని నువ్వు ప్లస్ గడిలో వేస్తావా, మైనస్ గడిలో వేస్తావా?

ఇక రుద్రమ వేషం. గణపతిదేవుడికి మగబిడ్డ లేక కూతుర్ని రుద్రదేవుడిగా పెంచాడన్నది ఐతిహ్యం. శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అన్న పేరు కనిపిస్తుంది కాబట్టి దానికో ఆధారం ఉన్నట్టే ఉంటుంది. కానీ పట్టాభిషేకం చేసుకున్న మనిషికి రాజు బిరుదు వాడటం వేరు, ఆడదన్న సంగతి దాచడం వేరు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుడి కూతురనే చెబుతుంది. అంటే తండ్రి ఉండగానే రాతి మీద చెక్కేంత బహిరంగమైన సంగతి అది. విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి గ్రామాలిచ్చి, మఠంతోపాటు పాఠశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిపే ఏర్పాటు చేసిన శాసనమిది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే. పురుడు పోసే చోటుకి దానమిచ్చిన రాణి కథలో ఆ పురిటిల్లు కనబడకపోవడం, కత్తియుద్ధాలు మాత్రం కనబడటం నాకు లోటు. నీకు అలా అనిపించకపోవచ్చు. అనిపించకపోతే ఎందుకో రాయి.

ఐతిహ్యాన్ని తీసుకోవద్దని నేననడం లేదు. తీసుకున్నాక దాన్ని చివరిదాకా పిండుకోవాలి. రుద్రదేవుడికి ముక్తాంబనిచ్చి పెళ్లి చేసే ఘట్టాన్ని మళ్లీ చూడు. ఈ కథ మొత్తంలో అంతకంటే పదునైన చోటు లేదు. ఒక రహస్యాన్ని కాపాడటానికి రెండో ఆడపిల్ల బతుకు ఖర్చవుతోంది. అక్కడ కెమెరా ఎవరి మొహం మీద ఎంతసేపు ఉందో, వెంటనే ఏ సన్నివేశానికి వెళ్లిపోయిందో గడియారం చూసి రాసుకో. ‘ఎమోషన్ పండలేదు’ అని తీర్పు చెప్పడం కంటే, ‘ఆ గదిలో ఇన్ని సెకన్లు ఉండి పాటలోకి వెళ్లిపోయారు’ అంటే పాఠకుడికి నీ తీర్పు తనే చేసుకున్నట్టు ఉంటుంది. సెకన్లు మాత్రం కచ్చితంగా లెక్కపెట్టు. ఉజ్జాయింపుగా రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

హరిహరదేవుడు, మురారిదేవుడు రెండో గడిలోకి వెళ్తారు. ప్రతాపచరిత్ర వాళ్లని రుద్రమకి సవతి సోదరులంటుంది. శాసనాల దన్ను దానికి లేదు. పైగా కొడుకులే ఉంటే గణపతిదేవుడు కూతురికి రాజ్యం ఎందుకిస్తాడన్న ప్రశ్న లేస్తుంది. సినిమాకి ఇంట్లో ఒక శత్రువు కావాలి గనక వాళ్లు వచ్చారు, అర్థం చేసుకోవచ్చు. కానీ నిజం శత్రువు శాసనాల్లో సిద్ధంగా ఉన్నాడు: కాయస్థ అంబదేవుడు. కాకతీయుల కొలువులో పెరిగిన సామంత కుటుంబం, తర్వాత తిరుగుబాటు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన గెలుపులన్నీ ఏకరువు పెట్టుకున్నాడు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనం ఉంది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాన్నిధ్యం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే కొలువుకాడు భూమి దానమిచ్చాడని దాని సారం. రాణీ సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధభూమే అయి ఉంటుందని, ఎదుట అంబదేవుడే ఉండి ఉంటాడని చరిత్రకారులు ఊహించారు. ముసలితనంలో గుర్రమెక్కి పోరాడిన రాణి చావు వదిలేసి, దేవగిరి మీద గెలుపుతో సినిమా ముగిసింది. పెద్ద తారతో తీసే సినిమాకి గెలుపు ముగింపే క్షేమం, కాదనను. అయితే ఈ కథలో విషాదం ఎక్కడ ఉండి ఉండేదో నీ పాఠకుడికి ఒక పేరాలో చూపించు.

దేవగిరి సంగతి కూడా ఒకవైపే చూడకు. రుద్రమ దేవగిరి రాజు యాదవ మహాదేవుణ్ణి తరిమికొట్టిందని ప్రతాపచరిత్ర చెబుతుంది. దేవగిరి కొలువులోని హేమాద్రి మాత్రం తమ రాజు తెలుంగు ఏనుగుల్ని పట్టుకుని, ఆడదని రుద్రమను చంపకుండా వదిలాడని రాశాడు. ‘రాయగజకేసరి’ (రాజులనే ఏనుగులకి సింహం) బిరుదు ఆమెకుందని, యాదవుల నేల అయిన బీదరు దాకా ఆమె సామంతుడి శాసనం దొరికిందని తెలిశాక హేమాద్రి మాట తేలికవుతుంది. ఆ ‘వదిలాడు’ అన్న ముక్క ఒక్కటి సంభాషణగా పడి ఉంటే ప్రతినాయకుడికి నోరొచ్చేది. ఈ సినిమాలో మహాదేవుడు గర్జించడమే తప్ప మాట్లాడడు.

కథని మార్కో పోలో చేత చెప్పించడం మంచి ఎత్తు. బయటివాడి నోట వింటే మనవాళ్లకి పొంగు. అయితే అతను కాకతీయుల రేవు మోటుపల్లి వైపు వచ్చింది చైనా నుంచి తిరుగు ప్రయాణంలో, 1290ల్లో. అప్పటికి రుద్రమ లేదు. అతను రాయించిన పుస్తకంలో ఈ రాణి, రాజుగారి భార్య. మొగుడు పోయాక నలభై ఏళ్లు న్యాయంగా ఏలిందంటాడు. కూతురు కాస్తా భార్య అయిపోయింది. సాలెగూడంత పలుచని బట్టల గురించీ, లోయల్లోకి మాంసం విసిరి వజ్రాలు తీసే కథ గురించీ ఎంతో ఇష్టంగా చెప్పాడు. తప్పుగా విన్నవాణ్ణి కథకుడిగా పెట్టుకున్నప్పుడు ఆ తప్పుతో ఆడుకోవచ్చు. సినిమా అతన్ని సాక్షిగా తీసుకుంది. ఇది నీ సమీక్షలో రెండు వాక్యాల పాటి, అంతకు మించి వద్దు.

గ్రాఫిక్స్. ‘నాసిరకం’ అని ఒక్క మాటతో వదిలేశావు. ఎక్కడ తేలిపోయిందో చూడటం నేర్చుకో. ఏనుగు వచ్చినప్పుడు తొండం చూడకు, కాళ్లు చూడు. నిజం ఏనుగు పాదం నేలని తాకిన చోట నీడ పాదానికి అతుక్కుని ఉంటుంది, దుమ్ము పక్కకి చిమ్ముతుంది, నేల కాస్త దిగుతుంది. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఏనుగు గాల్లో నడిచినట్టుంటుంది. తర్వాత వెలుగు: నటి మొహం మీద ఎండ ఎడమ నుంచి పడుతుంటే వెనక కోట మీద ఎటు నుంచి పడుతోంది? గ్రీన్ మ్యాట్ (వెనక దృశ్యం తర్వాత అతికించడానికి కట్టే పచ్చ తెర) ముందు తీసిన షాట్లలో ముందు పట్టుబడేది ఇదే. తర్వాత గుంపు: సైన్యంలో ఒక మనిషి నడకని పట్టుకుని వరసలో పదిమందిని చూడు, అందరూ ఒకే క్షణంలో ఒకే కాలు ఎత్తుతుంటే వాళ్లు అచ్చు వేసినవాళ్లు. సైన్యాలు పాములా, గరుడుడిలా వ్యూహాలు కట్టే చోట ఈ మూడు పరీక్షలూ పెట్టు. ఆ ఊహలో దమ్ముంది. పైనుంచి చూసినప్పుడు బాగుంది, కిందికి దిగి మనుషుల మధ్యకి వచ్చేసరికి బరువు పోయింది.

తోట తరణి సెట్లని దీంతో కలిపి కొట్టకు. స్తంభాలు, మెట్లు, ద్వారాలు చేత్తో కట్టినంత మేర కంటికి రాయిలాగే ఉన్నాయి. సెట్ ఎత్తు అయిపోయి సీజీ, అంటే కంప్యూటర్ బొమ్మ, అందుకునే గీత ఒకటి ఉంటుంది, చాలా షాట్లలో కంటికి దొరుకుతుంది. త్రీడీలో అది ఇంకా బయటపడుతుంది, ఎందుకంటే ముందున్నదానికీ వెనకున్నదానికీ లోతు తేడా కన్ను వెంటనే పడుతుంది. అద్దాలు వెలుతురు కూడా తగ్గిస్తాయి కాబట్టి దివిటీల వెలుగులో తీసిన అంతఃపురం మసకబారుతుంది. నువ్వు ఏ రూపంలో చూశావో సమీక్షలో తప్పక రాయి. టూడీలో చూసి త్రీడీని తిట్టడం బాగోదు.

అదే ఏడు జులైలో వచ్చిన ‘బాహుబలి’తో పోలుస్తూ నువ్వు రాసిన పేరా తీసెయ్. మాహిష్మతికి శాసనం లేదు, ఆ రాజ్యం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఓరుగల్లుకి కోట ఉంది, తోరణాలున్నాయి, తేదీలున్నాయి. రెంటి మీదా ఒకే తరాజు పెడితే రెండోదానికి అన్యాయం.

భాష గురించి ఒక హెచ్చరిక. కాకతీయుల కథలో ‘దర్బారు’, ‘ఖైదు’, ‘హుకుం’ వినబడితే గుర్తుపెట్టుకో, అవి తర్వాత మన భాషలోకి వచ్చిన మాటలు. విందు పళ్లెంలో మిరపకాయ కనబడినా అంతే. కానీ ఇలాంటివి పది ఏరి పేజీ నింపకు. ఇవాళ్టి ప్రేక్షకుడికి పదమూడో శతాబ్దపు తెలుగు వినిపిస్తే హాలు ఖాళీ అవుతుంది. ఒకటో రెండో చాలు, అవీ సన్నివేశాన్ని దెబ్బతీసినవైతేనే.

ఎనిమిది వందల మాటల్లో రాయి. కథ చెప్పడానికి ఎనభై చాలు, రుద్రమ ఎవరో నీ పాఠకుడికి నువ్వు చెప్పక్కర్లేదు. మూడొందలు వేషం మీద పెట్టు, రుద్రమదీ గన్నారెడ్డిదీ కలిపి. రెండొందలు వదిలేసిన ముగింపు మీద. మిగిలినవి నటులకీ, సెట్లకీ, సంగీతానికీ సర్దుకో. అనుష్క గురించి ‘ఒదిగిపోయింది’ అనకు. రుద్రదేవుడిగా నడిచేటప్పుడు ఆమె భుజాలు ఎలా ఉన్నాయి, రుద్రమగా కూర్చున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకుంది, అది చెప్పు. మార్కుల గడి ఖాళీగా పంపు.

మరొకటి. చిత్తుప్రతి మూడో పేజీలో అంబదేవుణ్ణి ‘అంబాదేవి’ అని రాశావు. ముందు అది దిద్దు.