ఫ్యామిలీ కారు మీద తృప్తి ఎన్నేళ్ళుంటుందో చెప్పేది ఇంట్లో పెద్దవాళ్ళ మోకాళ్ళే

ఒకే కారుని పదేళ్ళకి పైగా వాడినవాళ్ళు ఇప్పటికీ తృప్తిగా ఉన్నారా, లేక ఎప్పుడో మార్చేసి ఉండాల్సింది అనిపిస్తోందా అని అడిగారు. మాది 2011 మోడల్ వ్యాగన్ ఆర్. చెన్నై అంబత్తూరులో ఉంటాం, సొంతూరు నాయుడుపేట దగ్గర. నేనైతే ఫుల్ హ్యాపీ. మైలేజ్, పికప్ అంటారా, అవన్నీ కొన్న మొదటి ఏడాది మాట్లాడుకునే ముచ్చట్లు. ఆ తర్వాత కారు మంచిదో కాదో తేల్చేది సీటు ఎత్తు, అంతే, ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను ఒప్పుకోను.

మా అమ్మకి ఇక్కడే చెన్నైలో మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. డిశ్చార్జ్ రోజు మా అన్న తన కొత్త సెడాన్ తెచ్చాడు, పెద్ద బండి కదా, అమ్మకి సుఖంగా ఉంటుందని పాపం. పోర్టికోలో వీల్‌చెయిర్ ఆపి డోర్ తీస్తే సీటు ఎక్కడో కింద ఉంది. అమ్మ వాకర్ పట్టుకుని లేచి నిలబడి ఒకసారి లోపలికి చూసింది, ఒకసారి మా మొహాలు చూసింది. "దీంట్లోకి ఎట్ట దిగేదిరా, నూతిలోకి దిగినట్టుండాది" అనింది. అంత కిందికి కూర్చోవాలంటే మోకాలు బాగా మడవాలి, అదే ఆమెకి చేతకాని పని అప్పుడు. వెనకాల ఆంబులెన్స్ వచ్చి ఆగింది, సెక్యూరిటీ అతను "వండియ ఎడుంగ సార్, వండియ ఎడుంగ" అని, అంటే బండి తియ్యమని, తమిళంలో అరుస్తున్నాడు, అన్న చెమటలు తుడుచుకుంటున్నాడు.

నేను పోయి మా బండి తెచ్చా. ఫిజియోథెరపీ అమ్మాయి కూడా కిందికి వచ్చింది, ఆ అమ్మాయి చెప్పినట్టే ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, సీటు వెనక ఆనుకునే భాగం కాస్త వాల్చి, సీటు మీద ఒక ప్లాస్టిక్ కవర్ పరిచాం. అమ్మ సీటుకి వీపు పెట్టి నిలబడి, ఆపరేషన్ అయిన కాలు ముందుకి చాపుకుని మెల్లగా వెనక్కి వాలితే సీటు సరిగ్గా అందింది, దిగాల్సిన పనీ లేదు, ఎక్కాల్సిన పనీ లేదు. కవర్ మీద సర్రున వెనక్కి జారింది, నేను రెండు కాళ్ళూ పట్టుకుని లోపలికి తిప్పా. అంతే. "మన బండే నయం అబ్బయా" అనింది, ఆ మాటకి నాకెంత పొంగిపోయిందో చెప్పలేను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే ఆ ప్లాస్టిక్ కవర్ సంగతి గుర్తుపెట్టుకోండి, చాలా పనికొస్తుంది. కుట్లు తీశాక ఊరికి కూడా అట్లాగే తీసుకెళ్ళా, గుమ్మిడిపూండి దాటాక ఒకసారి, సూళ్ళూరుపేటలో ఒకసారి ఆపి నాలుగడుగులు నడిపించుకుంటూ.

1998లో శాంత్రో, 1999 చివర్లో వ్యాగన్ ఆర్ వచ్చినప్పుడు ఈ ఎత్తయిన కార్లని డబ్బాలని నవ్వినవాళ్ళని నేనెరుగుదును. ఆ ఎత్తు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. ఇప్పుడు షోరూంకి వెళ్తే సన్‌రూఫ్ చూపిస్తారు, చెన్నై మే నెల ఎండలో అది తెరిచి ఏం చేసుకోవాలి? ఏసీ తగ్గించాలన్నా స్క్రీన్ మీద వెతుక్కోవాలి, నడిపేవాడు రోడ్డు చూడాలా స్క్రీన్ చూడాలా? యూట్యూబ్ రివ్యూల్లో అయితే జీరో నుంచి వందకి ఎన్ని సెకన్లో చెప్తారు గానీ, డెబ్బై ఏళ్ళావిడ చీర కట్టుకుని ఎక్కగలదా లేదా అని ఒక్కడూ చూపించడు. ఎస్‌యూవీలు ఇంకో రకం, వాటిలోకి ఎక్కాలంటే స్టూల్ వెయ్యాలి.

లోపాలు లేవని కాదు. డిక్కీ 180 లీటర్లే, పండక్కి ఊరెళ్తే బియ్యం మూట పెట్టాక ఇంకేం పట్టదు. సేఫ్టీ అడిగితే మాత్రం మొహమాటం లేకుండా చెప్తా, నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, తర్వాత వచ్చిన మోడల్‌కి కూడా, కార్లని గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఐదుకి 2019లో రెండు స్టార్లు, 2023లో ఒక్క స్టారే ఇచ్చింది. అందుకే హైవేలో ఎనభై దాటను, వెనక సీట్లో వాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాల్సిందే.

ఖర్చు సంగతికొస్తే ఇంజిన్ ముట్టుకోలేదు, ఇంజిన్ లోపల ఉండేది టైమింగ్ చెయిన్ కాబట్టి, టైమింగ్ బెల్టు ఉన్న బండ్లలా అది మార్చే గొడవ లేదు. క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, ఏసీ కూలింగ్ కాయిల్ మార్పించా, ఇక్కడి ఎండకి బ్యాటరీ మూడు నాలుగేళ్ళకోసారి పోతుంది. డోర్ హ్యాండిల్, అద్దం లాంటివి ఇక్కడి పుదుపేట పాత స్పేర్ పార్టుల బజార్లో దొరుకుతాయి, బేరం ఆడటం వస్తే సగానికి సగం తగ్గిస్తారు. నాకు మండేది పెట్రోల్ విషయంలోనే. 20 శాతం ఇథనాల్ కలిపింది పోస్తున్నారు, పాత బండ్లవాళ్ళకి వేరే పెట్రోల్ ఏ బంకులో ఉందో ఎవడూ చెప్పడు, మైలేజ్ తగ్గిన తేడా నాకు తెలుస్తోంది, రేటు మాత్రం పైసా తగ్గలేదు. ఇథనాల్‌కి పాత రబ్బరు పాడవుతుందంటారు కదా, మెకానిక్ దగ్గర పెట్రోల్ వెళ్ళే రబ్బరు పైపులు ముందుగానే చూపించుకున్నా.

2026లో పదిహేనేళ్ళు నిండుతాయి, అమ్మేయమని మా ఆవిడ, పిల్లలు ఒకటే పోరు. పదిహేనేళ్ళ పెట్రోల్ బండిని తీసెయ్యాలనే రూల్ ఇక్కడ లేదు, ఫిట్‌నెస్ చూసి ఆర్‌సీ ఇంకో ఐదేళ్ళకి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు, పైన గ్రీన్ టాక్స్ కూడా కట్టాలి. కట్టేస్తా. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాక వెనక టైర్లు మార్పించి, బంపర్‌కి పెయింట్ వేయించి ఆర్‌టీఓ ఆఫీసుకి తీసుకెళ్తా.