మిర్యాలగూడలో ఇంటి బేస్‌మెంట్ పూత రెండుసార్లు రాలిపోయిందన్న ప్రశ్నకు సమాధానం

పూత రాలిన చోట గోడ మీద కనిపిస్తోందని మీరు చెప్పిన తెల్లటి పొడిని బట్టి చూస్తే, లోపం పూతలో కాదు, గోడలోని ఉప్పులో ఉంది. ఇంటి చుట్టూ సాగర్ ఎడమ కాలువ కింది వరి మడులు ఉన్నాయన్నారు కనుక, నేలలోని చెమ్మ ఉప్పును మోసుకొని పైకి ఎక్కి, పూత వెనుక ఆరిపోయినప్పుడు ఆ ఉప్పు స్ఫటికాలుగా మారి పూతను బయటికి నెడుతోంది. మంచు దేశాల్లో నీరు గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి, పునాది పూతను పగలగొట్టే తీరూ ఇలాంటిదే.

1. సుత్తితో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన గిలాబునంతా, దాని చుట్టూ మరో జానెడు మేర చెక్కించండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే: ఉప్పును నీళ్లతో కడగకూడదు. కడిగితే అది కరిగి తిరిగి గోడలోకే ఇంకుతుంది. పొడి వైరు బ్రష్షుతో గీకి, రాలిన పొడిని గోనెపట్టా మీద పట్టి దూరంగా పారబోయండి. వారం తరువాత మళ్లీ తెల్లటి పొడి కనిపిస్తే మళ్లీ గీకాలి. విసుగు పుట్టినా ఈ పనిని మేస్త్రీకి వదిలేయకుండా దగ్గరుండి చూసుకోండి.

3. ప్లాస్టిక్ కవరును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి మరునాడు చూడండి. గోడవైపు నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా ఆగండి. యాసంగి కోతలయ్యాక, మే నెలలో మొదలుపెట్టడం మేలు.

4. చెక్కిన చోట గిలాబు చేయించి, అది గట్టిపడ్డాక యాక్రిలిక్ కలిసిన సిమెంటు పూతను రెండు పొరలుగా, రెండోది మొదటిదానికి అడ్డంగా వేయించండి. ఆయిల్ పెయింటు మాత్రం వద్దు. అది చెమ్మను లోపలే బంధిస్తుంది.